గొట్టము పైన పేరు, గొట్టము క్రింద పుట్టుక

జమీందారీలు పోయినవి, జాగీరులు పోయినవి, వేటయు పోయినది. కాని వానితోబాటు వచ్చిన తుపాకులు మాత్రము తెలుగునాట పలు పాతయిండ్లలో ఇంకను నిలిచియున్నవి. 1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేట్ల రద్దు శాసనమును, 1949లో హైదరాబాదు సంస్థానమున జాగీర్ల రద్దును, 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనమును ఒకదాని వెనుక నొకటి వచ్చి, భూమిని, అధికారమును, అడవిలో విచ్చలవిడిగా తిరుగు స్వేచ్ఛను వరుసగా తొలగించిన పిదప, ఆ మూటికిని చిహ్నమై దివాణపు గోడపై వ్రేలాడిన జంటగొట్టాల తుపాకీ అక్కడినుండి దిగి ఇనుపబీరువాలోనికి చేరినది. తాతగారు గతించిన తరువాత ఆ బీరువా తెరచిన మనుమనికి రెండు ప్రశ్నలు తోచును: ఇది ఏ కంపెనీది, దీని వెల యెంత? మూడవ ప్రశ్న, అనగా దీనిని నేను చేత పట్టుకొనవచ్చునా అనునది, సామాన్యముగా తోచదు. మొట్టమొదట అడుగవలసినది అదియే.

ఏలయన, పొలమును, ఇల్లును, బంగారమును వీలునామా ననుసరించియో వారసత్వ ధర్మము ననుసరించియో సంక్రమించును గాని, తుపాకీ విషయమున స్వత్వము వేరు, స్వాధీనము వేరు. లైసెన్సు మనిషితో పుట్టి మనిషితో పోవును. అతడు గతించిన పిమ్మట ఆ ఆయుధమును ఇంటిలో నుంచుకొనుట శాసనసమ్మతము కాదు గనుక, 1959 నాటి ఆయుధ శాసనము 21వ సెక్షను ప్రకారము అనవసర జాప్యము లేకుండ దానిని సమీపమునందలి పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధ వర్తకుని కడ గాని జమచేసి రసీదు పుచ్చుకొనవలెను. జమచేయుటచే హక్కు పోదు. వారసుడు లైసెన్సు తెచ్చుకొని దానిని తిరిగి పొందవచ్చును, లేదా లైసెన్సు గల మరియొకనికి అమ్ముకొనవచ్చును. కాని నిర్ణీతమైన గడువు దాటిపోయినచో జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది సర్కారుపరమగును. అన్నదమ్ములు పంపకముల తగవులో మునిగి, తుపాకీ రసీదును దస్తావేజుల కట్టలో మరచిపోయి, కొన్నియేండ్లకు మేలుకొను సందర్భములు అరుదు కావు.

బ్రదికియుండగనే ఈ పని చక్కబెట్టుకొను మార్గమును 2016 నాటి ఆయుధ నియమములు చూపినవి. లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, లేదా ఆ తుపాకీ అతని చేతిలో 25 ఏండ్లు ఉండినను, ఈ రెంటిలో ఏది ముందైన దానినిబట్టి, చట్టబద్ధుడైన వారసుని పేర లైసెన్సు కోరవచ్చును. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులన్న పరిమితి రెంటికి దిగినది. వారసత్వముగా వచ్చినవైనను ఈ రెంటి పరిమితిలోనే ఇమడవలెనని శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. మరమ్మతు చేసినను పేలుటకు వీలులేని శిథిలాయుధములకును, అట్టివే యగు ప్రాచీనపు సామగ్రికిని మినహాయింపు కలదు గాని, "ఇది పాతది, కాబట్టి దీనికి లైసెన్సు అక్కరలేదు" అను గృహస్థుని వాదము ఆ మినహాయింపునకు సరిపోదు. పాతదగుట వేరు, పేలకుండుట వేరు. నూటయేబది యేండ్లనాటి తుపాకీ నేటికిని నిక్షేపముగా పేలవచ్చును.

ఈ శాసనచర్చ ముందు పెట్టుటకు కారణము కలదు. తుపాకీ వెలను మన దేశమున నిర్ణయించునది మొదట కాగితము, తరువాత ఇనుము. లైసెన్సు లేని తుపాకీకి వెల లేదు. ఉన్నది శిక్ష మాత్రమే.

ఇక ఇనుము మాట. పరిశీలనమును ఆయుధ వర్తకుని దుకాణమున, అతని చేతనే చేయించుట యుక్తము. అతడు మొట్టమొదట చేయు పని లోపల తూటా ఉన్నదేమో చూచుట. దశాబ్దములనుండి మూలబడిన తుపాకీలో తూటా ఉండదన్న నమ్మకము ప్రాణాంతకమైనది. తరువాత అతడు ముందుకొయ్యను విడదీసి, గొట్టములను కీలునుండి వేరుచేసి, వెల్లకిల త్రిప్పి బల్లమీద పెట్టును. గృహస్థుడు అంతవరకు గొట్టముల నడిమి పట్టీమీద చెక్కిన పేరు చూచి మురిసియుండును. నిపుణుడు ఆ పేరు నొకమారు చదివి, చూపు దించి, గొట్టముల అడుగున బల్లపరుపుగా నున్న చోటుల చిన్నచిన్న ముద్రలను భూతద్దముతో చూడ నారంభించును. తుపాకీకి అవియే జాతకచక్రము.

పైనున్న పేరు ఏల నమ్మదగనిదో చెప్పవలెను. కలకత్తాలో మాంటన్ కంపెనీ, రాడ్డా కంపెనీ, లయన్ అండ్ లయన్, మద్రాసులో గడియారములకును నగలకును ప్రసిద్ధి కెక్కిన పి. ఓర్ అండ్ సన్స్, బొంబాయిలోను కలకత్తాలోను కొట్లు తెరచిన ఆర్మీ అండ్ నేవీ సహకార సంఘము, ఇవన్నియు ఇంగ్లండులో, హెచ్చుగా బర్మింగ్‌హామ్ నగరమున, తయారైన తుపాకులను తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మినవి. కాబట్టి పట్టీమీది పేరు అనేక సందర్భములందు కమ్మరిది కాదు, అంగడివానిది. అందుచే ఆ తుపాకీ తక్కువదని కాదు. ఆ అంగళ్ళకు సరకు పంపినవారిలో వెబ్లీ వంటి ఉత్తమ కర్మాగారములును ఉండెను. కాని "మాంటన్" అని చూచినంతనే పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున లండనులో కీర్తిగాంచిన జోసెఫ్ మాంటన్ స్వహస్తమున చేసినదని యనుకొనుట పొరపాటు. ఆ యింటిపేరుతో కలకత్తాలో వర్ధిల్లిన వర్తకశాల వేరు, అతని పనిపట్టు వేరు.

రాడ్డా కంపెనీ పేరు మన స్వాతంత్ర్య చరిత్రలోను కలదు. 1914 ఆగస్టు 26వ తేదీన ఆ కంపెనీకి ఓడలో వచ్చిన పెట్టెలనుండి 50 మౌజర్ పిస్తోళ్ళును, 46,000 తూటాలును వంగదేశపు విప్లవకారులు పట్టపగలు తరలించుకొని పోయిరి. ఆ సంఘటనకును, మీ యింటి పండ్రెండు బోరు తుపాకీకిని సంబంధ మేమియు లేకపోయినను, పట్టీమీద ఆ పేరున్న ఆయుధమును చేత పట్టినప్పుడు చరిత్ర తెలిసినవాని మనస్సు ఒక క్షణము ఆ కలకత్తా వీధిలోనికి పోకమానదు.

చిరునామాయు కాలనిర్ణయమునకు తోడ్పడును. లండను పర్డీ సంస్థ 1826 మొదలు 1880ల ఆరంభము వరకు 314½, ఆక్స్‌ఫర్డ్ వీధిలో నుండి, పిదప సౌత్ ఆడ్లీ వీధిలో తాను కట్టించుకొన్న ఆడ్లీ భవనమునకు మారెను. కాబట్టి గొట్టముపై నున్న ఒక్క వీధి పేరే ఆ తుపాకీ ఏ తరమునాటిదో తెలుపగలదు. అంతకంటె గట్టి ఆధారము వరుససంఖ్య. అది మీట కాపుకమ్మి తోకమీద, గొట్టముల అడుగున, ముందుకొయ్య ఇనుముమీద ఉండును. మూడుచోట్ల నున్న సంఖ్య ఒక్కటే యైనచో ఆ మూడు భాగములును కలిసి పుట్టినవే. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్, రిగ్బీ మున్నగు సంస్థలు నూరేండ్లకు మించిన తమ ఖాతాపుస్తకములను పదిలపరచుకొన్నవి. సంఖ్య చెప్పినచో ఏ సంవత్సరమున, ఏ కొలతలతో, ఎవరికొరకు చేసినదో తెలుపగలుగుచున్నవి. మన జమీందారు పేరు ఆ ఖాతాలో నుండెనేని ఆ తుపాకీ వెల మాత్రమే గాక మానమును పెరుగును.

ఇక ముద్రలు. ఇంగ్లండులో గొట్టమును అమ్మకమునకు ముందు అధికమైన మందుతో పేల్చి పరీక్షించి ముద్రవేయు పద్ధతి బహుప్రాచీనము. లండను తుపాకీకారుల సంఘమునకు రాజశాసనము 1637లో లభించెను. బర్మింగ్‌హామ్ పరీక్షాలయము 1813లో పార్లమెంటు శాసనముచే ఏర్పడెను. లండను ముద్రలో కిరీటము క్రింద పెనవేసికొన్న జి, పి అక్షరములును, వేరొకచోట కిరీటము క్రింద వి అక్షరమును కానవచ్చును. బర్మింగ్‌హామ్‌ది 1904 వరకు అడ్డముగా దాటియున్న రెండు రాజదండముల గుర్తు. ఆ తరువాత కిరీటము క్రింద బి.పి., బి.వి., ఎన్.పి. అక్షరములు. రాజదండములున్నవన్న నొక్క సంగతిచేతనే ఆ గొట్టములు 1904కు పూర్వపువని చెప్పవచ్చును. "నాట్ ఫర్ బాల్" అన్న మాటలున్నచో కాలము ఇంకను ఇరుకగును: గొట్టపు మూతిని కొంచెము బిగించి చోక్ చేసిన తుపాకులలో గుండు వేయరాదని హెచ్చరించు ఈ ముద్రను 1875 మొదలు 1887 వరకు మాత్రమే వేసిరి. 1887 తరువాత వజ్రాకృతిలో 12, దాని క్రింద సి అక్షరము కనబడును. అది తూటా ఇమిడెడి ఛాంబరు పండ్రెండు బోరుదని తెలుపును.

ఇచ్చట గృహస్థులు తరచు చిక్కుపడుదురు. పండ్రెండు బోరు తుపాకీ గొట్టముపై 13 అనియు, లేదా 13/1 అనియు కనబడగా, ఇది ఎవరికిని లేని పదమూడు బోరు తుపాకీ యని పొంగిపోవువారు కలరు. బోరు లెక్క యేమనగా, ఒక పౌండు శుద్ధమైన సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు వ్యాసము 0.729 అంగుళము, అదియే పండ్రెండు బోరు. పదమూడు గుండ్లు పోసినచో 0.710. తయారీదారులు పండ్రెండు బోరు తూటాకు ఛాంబరు చేసి గొట్టమును కొంచెము బిగువుగా తొలుచుట వాడుక. పరీక్షాలయము ఆ నిజమైన కొలతనే ముద్రించినది. అందువలన ఆ 13 అన్న సంఖ్య అపురూపతకు గుర్తు కాదు గాని, దానివలన వేరొక గొప్ప ప్రయోజనము కలదు. నేడు కొలమానముతో కొలిచి, ముద్రపడిననాటి కొలతతో పోల్చినచో, త్రుప్పును మాన్పుటకు ఎవరెవరు ఎన్నిమారులు లోపల గీకించిరో, గోడ ఎంత పలుచబడినదో తెలియును. గోడమందము అంగుళములో వెయ్యింట ఇరువది వంతులకు దిగినచో ఆ గొట్టము పేల్చుటకు పనికిరాదని ఇంగ్లండు వృత్తివారు భావింతురు.

పొగలేని మందు వచ్చిన పిదప 1896 నియమములతో నైట్రో పరీక్షకు ప్రత్యేకముద్ర యేర్పడెను. ఆ ముద్ర లేని గొట్టము నల్లమందుకొరకు పుట్టినది. దానిలో నేటి తూటా వేయుట గొట్టమును బాంబుగా మార్చుటయే. నైట్రో ముద్ర ఉన్నను ఛాంబరు పొడవు చూడవలెను. పాత ఆంగ్లేయ తుపాకులు పెక్కింటిది రెండున్నర అంగుళములు. నేటి తూటాలు పెక్కు రెండు ముప్పాతిక అంగుళములవి. వింత యేమనగా, పొడవైన తూటా పొట్టి ఛాంబరులో ఏ అడ్డంకియు లేకుండ ఇమిడిపోవును, తుపాకీ మూసికొనును కూడ. ఏలయన ఆ పొడవు పేలినప్పుడు మూతిమడత విచ్చుకొన్న పిదపటి కొలత. విచ్చుకొనుటకు చోటు లేనందున లోపలి ఒత్తిడి ప్రమాదస్థాయికి పోవును. సరిపోయినది గదా యని ధైర్యపడుట ఇచ్చట చెల్లదు.

బెల్జియము దేశపు లియేజ్ నగరమునందలి పరీక్షాలయము 1672లో స్థాపితమైనది. అండాకారములో ఇ, ఎల్, జి అక్షరములును, వానిక్రింద ఒక నక్షత్రమును దాని గుర్తు. 1893 మొదలు ఆ అండముపై కిరీటము చేరినది. పైన ఎంత దొరల పేరున్నను, క్రింద ఈ అండము కానవచ్చినచో ఆ తుపాకీ ఇంగ్లండు మొగము చూడలేదన్నమాట. ఆ నగరమున ఉత్తమమైన పనియు జరిగెను, అగ్గువైన పనియు జరిగెను. అగ్గువ సరకు మీద ఆంగ్ల ప్రముఖుల పేర్లకు దగ్గరగా నున్న పేర్లు చెక్కి ఎగుమతి చేయు వాడుక ఉండెను. అమెరికా విపణికి "డబ్ల్యూ. రిచర్డ్స్" అనియు, "జె. మాంటన్" అనియు చెక్కి పంపిన బెల్జియము తుపాకులు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణములు. చూపును మోసగించుటకు ఒక్క పొడి అక్షరము చాలును.

పాత తుపాకులలో జనమును మిక్కిలి ఆకర్షించునది డమాస్కస్ గొట్టము. ఇనుమును ఉక్కును కలిపి కాచి, కడ్డీలుగా సాగదీసి, మెలిపెట్టి, ఆ మెలికల పట్టీలను ఊచ చుట్టును చుట్టి సుత్తిదెబ్బలతో అతికించిన గొట్టమునకు గోధుమవన్నె పట్టించినచో, నీటి సుడులవంటి రేఖలు తేలును. లియేజ్, బర్మింగ్‌హామ్ కమ్మరులు ఈ పనిలో సిద్ధహస్తులు. ఆ రేఖలను చూచి, ఇది మన తెలంగాణపు ఉక్కే యని గర్వించు వారిని నేను విన్నాను. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము గ్రామమందు మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారనుట యథార్థము. కాని ఆ ఉక్కు కత్తులకు పోయినది, దాని రేఖలు లోహగర్భమునుండి సహజముగా పుట్టినవి. తుపాకీ గొట్టపు రేఖలు మెలికవలన వచ్చినవి. రెంటికిని గల చుట్టరికము చూపులకు మాత్రమే. డమాస్కస్ గొట్టము అందమైనది, సాధారణముగా నల్లమందుకాలపుది. దానిని చూచి యానందించుట మేలు, పేల్చుట తగదు.

గొట్టములను విడిచి కీలువద్దకు వచ్చినచో, పైకి లేచియుండు సుత్తులు గల తుపాకీ సామాన్యముగా పాతతరముది. సుత్తులు లోపల దాగినది కొత్తతరముది. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేయు ఆన్సన్, డీలీ అను ఇరువురు కనిపెట్టిన బాక్స్‌లాక్ యంత్రము మిక్కిలి సులభము, గట్టిది, చవుక. ప్రపంచమున జంటగొట్టాల తుపాకులలో లెక్కలేనన్ని దాని సంతతియే. ప్రక్కపలకల వెనుక యంత్రమంతయు అమరిన సైడ్‌లాక్ ఖరీదైన పని. 1880లో బీస్లీ రూపొందింపగా పర్డీ స్వీకరించిన యంత్రమును, హాలండ్ వారి "రాయల్"ను ఆ జాతిలో శ్రేష్ఠములు. పేల్చిన తూటా డొల్లను తానే ఎగురవేయు ఎజెక్టరు ఉన్నచో వెల పెరుగును. పనివాని శ్రద్ధను తెలిసికొనుటకు నాకు మిక్కిలి నచ్చిన గుర్తు మరల తలలు: ఉత్తమమైన తుపాకీలో ప్రతి మర గాడియు గొట్టముల దిశకు సరిగా ఒక్క వరుసలో నిలిచియుండును. ఎవడో సరిపడని తిరుగుళితో విప్పి గాడులు చెరపినచో, ఆ గీతలు తుపాకీకి తగిలిన గాయములు. కొనువాడు మొట్టమొదట చూచునవి అవియే.

రైఫిలుల కథ వేరు. దానిలో రాజకీయము ఇమిడియున్నది. 1871లో ఆంగ్లసైన్యము స్వీకరించిన మార్టినీ హెన్రీ రైఫిలు తూటా .450 గుండు గలది. సైన్యములో దాని కాలము తీరిన పిదపను ఆ రైఫిలులు సరిహద్దులలోను, సూడానులోను తిరుగుబాటుదారుల చేతులలో నుండుటచే, ఆ గుండు వారికి చేరరాదని ప్రభుత్వము ఇరువదవ శతాబ్ది తొలిదశకమున ఇండియాకును సూడానుకును .450 తూటాల దిగుమతిని నిషేధించెను. 1898లో రిగ్బీ ప్రవేశపెట్టిన .450 నైట్రో రైఫిలు పులులవేటకును ఏనుగులవేటకును అప్పుడే పేరుమోయుచుండెను. వర్తకము పోవునన్న భయమున లండను తుపాకీకారులు గుండును వెంట్రుకవాసి లావు చేసి .465, .470, .475, .476 అని నాలుగైదు కొత్తకొలతలను సృష్టించిరి. మీ యింటి రైఫిలుపై .470 అని యున్నచో, అది ఒక గజెట్టు ప్రకటనకు జవాబుగా పుట్టిన కొలతయని తెలిసికొనవలెను. సైన్యపు .303 తూటా విషయమునను ఇదియే నీతి: పౌరులకు అది నిషిద్ధమగుటచే బి.ఎస్.ఏ. వారు ఇండియాకొరకు .315 రైఫిలును చేసిరి. స్వాతంత్ర్యానంతరము ఈశాపూరు రైఫిలు కర్మాగారము ఆ కొలతనే కొనసాగించినది. తాతగారి బీరువాలోనిది .303 అని తేలినచో వారసునకు జిల్లా అధికారులకడ లైసెన్సు లభింపదు. అది కేంద్రప్రభుత్వపు పరిధిలోనిది.

గొట్టమంతయు నున్నగా నుండి, మూతివద్ద మాత్రము కొద్ది అంగుళముల మేర చాళ్ళు కనబడినచో మీచేతిలో నున్నది పారడాక్స్ జాతిది కావచ్చును. భారతదేశమున సేవచేసి విక్టోరియా క్రాస్ పొందిన సైన్యాధికారి ఫాస్బరీ 1885లో కనిపెట్టగా హాలండ్ వారు కొని చేసిన ఈ ఆయుధము పిట్టకు చెర్రలను, పులికి గుండును ఒక్క గొట్టమునుండియే వేయుటకు వీలు కల్పించెను గనుక మన జమీందారులకు, దొరలకు మిక్కిలి ప్రీతిపాత్రమయ్యెను. దీనిని మామూలు పండ్రెండు బోరనుకొని అమ్మివేసినవాడు నష్టపోవును.

కథలున్న రైఫిలునకు వెల యెక్కువ, ఆ కథకు సాక్ష్య మున్నచో. చంపావతు నరభక్షకియైన ఆడుపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు సంయుక్త ప్రాంతముల లెఫ్టినెంటు గవర్నరు జాన్ హ్యూయెట్ బహూకరించిన రిగ్బీ .275 రైఫిలు మడమకొయ్యలో ఆ సంగతి చెక్కిన వెండిరేకు పొదిగియున్నది. ఆ రైఫిలు నేడు తిరిగి రిగ్బీ సంస్థ వశమందున్నది. తిరుపతి సమీపమున మామండూరు, చామల అడవులలో తిరిగి ఆ వేటలను ఇంగ్లీషున వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ వాడినది .405 విన్‌చెస్టర్; కాబట్టి ఆ మోడలుపై దక్షిణాది వారికి నేటికిని మక్కువ. మన యిండ్లలో వినబడు "ఇది నిజాము మా ముత్తాతకు ఇచ్చినది" అన్న మాటకు ఫర్మానో, లేఖయో, ఖాతాయో, వెండిరేకో తోడుపడనంత కాలము ఆ మాట విలువ ఆ యింటి గడపలోపలనే.

గ్రామములలో భర్మారులని పిలువబడు మూతినుండి మందు కూరెడి నాటు తుపాకులును వారసత్వముగా కనబడుచుండును. పంటల రక్షణకై ఇట్టివానికి లైసెన్సు నిచ్చుటను శాసనమే ప్రత్యేకముగా పేర్కొన్నది. విపణిలో వీనికి వెల స్వల్పము. పోలీసులకై ఈశాపూరులో .303 రైఫిలులనే చాళ్ళు తీసివేసి .410 మస్కెట్లుగా మార్చిన ఒంటితూటా ఆయుధములు మాత్రము సంగ్రాహకుల కంట పడును.

స్థితి విషయమున ఒక్కమాట గట్టిగా చెప్పవలెను: తోమరాదు. కీలుపై ఎముకల బొగ్గులో కాల్చుటచే తేలిన ఇంద్రధనుస్సు వన్నెలు, గొట్టముపై మొదటినాటి గోధుమ లేక నీలి పూత, కొయ్యపై చేతినూనె మెరుగు, వీనిలో ఏ కొంచెము మిగిలినను అది ధనము. ఇత్తడిపాత్రలు తోము పొడితో ఉత్సాహవంతుడైన నౌకరు ఒక పూట పనిచేసినచో నూరేండ్ల వన్నె పోయి, బోసి ఇనుము మిగులును. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీరములందు తుపాకీని తోలుపెట్టెలోనే ఏండ్లతరబడి ఉంచుట మరియొక అపచారము. తోలు తేమను పట్టి ఇనుమును తినివేయును, చెదలు మడమను తినివేయును. పెట్టెను వేరుగా భద్రపరచవలెను, పారవేయరాదు. ఓకు చట్రముతో, లోపల అంగడి చీటీతో, తుడుపుకఱ్ఱలతో సహా నున్న పెట్టె తానే వెలగలది. గొట్టము పాడైనప్పుడు పాత మొదళ్ళలో కొత్త గొట్టములు తొడిగిన తుపాకీపై "స్లీవ్డ్" అన్న ముద్ర ఇంగ్లండులో విధిగా పడును. అది పేల్చుటకు మేలు, అమ్ముటకు నష్టము.

ఇంత తెలిసినను వెల యెంతయన్న ప్రశ్నకు లండను వేలముల జాబితా చూచి జవాబు చెప్పుకొనుట తగదు. ఆ ధర మన తుపాకీకి రాదు. నూరేండ్లు నిండిన వస్తువు 1972 నాటి ప్రాచీన వస్తు శాసనపు పరిధిలోనికి వచ్చి దేశము దాటలేదు. నిండనిదైనను ఆయుధ శాసనపు ఎగుమతి లైసెన్సు లేక కదలలేదు. కనుక మన విపణి మన గోడలలోనే. 1980ల మధ్యభాగము మొదలు వ్యక్తులకు విదేశీ ఆయుధముల దిగుమతి దాదాపు నిలిచిపోవుటచే ఆత్మరక్షణకై కోరబడు విదేశీ పిస్తోళ్ళకు, రివాల్వర్లకు లక్షలలో ధర పలుకుచున్నది. తాతగారి జంటగొట్టాల తుపాకీకి ఆ అదృష్టము లేదు: వేట లేదు, కొనువానికి లైసెన్సు కావలెను, అతని రెండు చోట్లలో ఒకటి ఖాళీగా నుండవలెను. మూడవ తుపాకీ వదలుకొనవలసి వచ్చినవారందరును 2019 తరువాత ఒక్కసారి అమ్మజూచుట ఆ ధరను ఇంకను క్రుంగదీయుట సహజమే. అందువలన లండను పర్డీకిని, బర్మింగ్‌హామ్ బాక్స్‌లాక్‌కును అచ్చట నుండు అగాధమువంటి అంతరము ఇచ్చటి అంగడిలో కుంచించుకొనిపోవును. వర్తకుడు రెంటిని చూచి "పన్నెండు బోరు" అనియే బేరమాడును. ఆ ముద్రలు చదువ నేర్చిన వారసుడే ఆ బేరమున కొంత నిలువగలవాడు.

చివరకు జంటల మాట. గొప్ప తుపాకీకారులు ధనికుల కొరకు అన్ని విధములను ఒక్క పోలికగా రెండేసి తుపాకులు చేసి, పట్టీమీద బంగారముతో 1, 2 అని పొదిగి, వరుసగా వచ్చు సంఖ్యలు వేసి, ఒక్క పెట్టెలో అమర్చి పంపెడివారు. జంట వెల రెండు విడి తుపాకుల వెలల మొత్తము కంటె హెచ్చు. మన పంపకములలో పెద్దకొడుకునకు ఒకటి, చిన్నకొడుకునకు ఒకటి యని న్యాయముగానే విడదీయుదురు. పెట్టె ఎవరో ఒకరి అటకమీద మిగిలిపోవును. కాబట్టి పట్టీమీద ఒంటరిగా 2 అన్న బంగారపు అంకె కనబడినచో, 1వది ఏ దాయాదియింట ఉన్నదో విచారింపవలెను. ఇద్దరును ఒప్పుకొని ఒక్కనిపేర లైసెన్సు పొందగలిగిరేని, రెండు తుపాకుల పరిమితిలో ఆ జంట సరిగా ఇమిడిపోవును. అప్పుడు ఆ వ్యక్తి తాతగారి రైఫిలును వదలుకొనవలసినదే.